మూడు క్లబ్బులు, ఐదు లీగ్ టైటిళ్లు: గోర్డన్ స్మిత్ కెరీర్ లెక్కలు ఎందుకు అంత చిక్కుగా ఉంటాయి

ఫుట్‌బాల్ క్విజ్‌లలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. గ్లాస్గోలోని పెద్ద క్లబ్బులు రేంజర్స్‌కి గానీ సెల్టిక్‌కి గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, మూడు వేరే వేరే క్లబ్బులతో స్కాటిష్ లీగ్ టైటిల్ గెలిచిన ఆటగాడు ఎవరు? జవాబు గోర్డన్ స్మిత్. ఎడిన్‌బరో క్లబ్ హిబర్నియన్‌తో (దీన్నే హిబ్స్ అంటారు) మూడు సార్లు, అదే ఊరి హార్ట్స్‌తో ఒకసారి, డండీతో ఒకసారి, మొత్తం ఐదు.

జవాబు చెప్పేశాక అసలు గందరగోళం మొదలవుతుంది. పేరు వెతికితే ఒకచోట హిబ్స్‌కి 364 గోల్స్ అని ఉంటుంది, ఇంకోచోట అందులో సగం కూడా ఉండదు. ఒకచోట 16 ఏళ్లకే ఫస్ట్ టీమ్‌లో హ్యాట్రిక్ కొట్టాడని ఉంటుంది, అధికారిక లెక్కల్లో చూస్తే ఆ మ్యాచే కనపడదు. ఇంత గొప్పోడైతే స్కాట్లాండ్‌కి 18 మ్యాచ్‌లే ఎందుకు ఆడాడు అని ఇంకో డౌటు. దానికి తోడు ఇదే పేరుతో ఇంకో ఫుట్‌బాలర్ ఉన్నాడు, 1983 ఎఫ్ఏ కప్ ఫైనల్లో బ్రైటన్ తరఫున మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆఖర్లో బంగారం లాంటి ఛాన్స్ పోగొట్టుకున్న గోర్డన్ స్మిత్, అతను వేరు. మనం చెప్పుకునేది 1924 మే 25న ఎడిన్‌బరోలో పుట్టి, మాంట్రోస్‌లో పెరిగి, 2004 ఆగస్టులో చనిపోయిన రైట్ వింగర్ గురించి.

నా ఉద్దేశంలో ఇతని కెరీర్ అర్థం కావాలంటే ముందు ఆ కాలం రూల్స్ అర్థం కావాలి. పాయింట్లు ఎలా లెక్కేసేవాళ్లు, ఏ మ్యాచ్‌ని మ్యాచ్ అనేవాళ్లు, నేషనల్ టీమ్‌ని ఎవరు ఎంపిక చేసేవాళ్లు, ఇవన్నీ తెలియకుండా ఇప్పటి కళ్లద్దాలతో చూస్తే ఏ నంబరూ సరిగ్గా కనపడదు.

## వింగర్ అంటే అప్పట్లో ఏంటి

ఇప్పుడు వింగర్ అంటే ఎక్కడైనా తిరుగుతాడు, లోపలికొస్తాడు, వెనక్కెళ్లి డిఫెన్స్ చేస్తాడు. 1940ల్లో అలా కాదు. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ మారింది, అంతకుముందు బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి, దాన్ని ఇద్దరికి తగ్గించారు. దాంతో గోల్స్ పెరిగాయి, వాటిని ఆపడానికి టీమ్‌లు మధ్యలో ఇంకో డిఫెండర్‌ని దించాయి. అలా వచ్చిన ఫార్మేషన్‌నే డబ్ల్యూ-ఎమ్ అంటారు, వెనక ముగ్గురు, మధ్యలో ఇద్దరు వెనగ్గా ఇద్దరు ముందుగా, ముందు ముగ్గురు. అయినా పాత అలవాటు ప్రకారం ముందున్న ఐదుగుర్నీ కలిపి ఫార్వర్డ్ లైన్ అనే పిలిచేవాళ్లు.

ఆ ఐదుగురిలో కుడి అంచున ఉండేవాడు అవుట్‌సైడ్ రైట్, జెర్సీ నంబర్ 7. ఎడమ అంచున అవుట్‌సైడ్ లెఫ్ట్, నంబర్ 11. వీళ్ల పని చాలా సింపుల్‌గా ఉండేది, టచ్‌లైన్ పట్టుకుని ఉండాలి, బంతి రాగానే ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్‌ని దాటాలి, సెంటర్ ఫార్వర్డ్ తలకి క్రాస్ వేయాలి. గోల్ కొట్టడం వాళ్ల డ్యూటీ కాదు. వర్షానికి తడిస్తే రాయిలా బరువెక్కే తోలు బంతి, బురద గ్రౌండు, వెనక నుంచి కాలు పెట్టే డిఫెండర్లు, వీటి మధ్య డ్రిబ్లింగ్ చేయాలి. దెబ్బ తగిలితే సబ్‌స్టిట్యూట్ ఉండడు, స్కాట్లాండ్‌లో సబ్‌లు వచ్చింది 1966లోనే. కుంటుకుంటూ అయినా అక్కడే నిలబడాలి, లేదంటే టీమ్ పది మందితో ఆడాలి.

స్మిత్ ప్రత్యేకత ఏంటంటే అతను ఈ పని అద్భుతంగా చేస్తూనే లోపలికొచ్చి స్ట్రైకర్‌లా గోల్స్ కూడా కొట్టాడు. హిబ్స్ తరఫున లీగ్‌లోనే వందకి పైగా. ఒక వింగర్‌కి ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

## 364 ఎక్కడి నుంచి వచ్చింది

1939లో యుద్ధం మొదలవ్వగానే స్కాటిష్ లీగ్‌ని ఆపేశారు. ఫుట్‌బాల్ మాత్రం ఆగలేదు, ప్రాంతీయ లీగ్‌లు పెట్టారు. హిబ్స్, హార్ట్స్, రేంజర్స్, సెల్టిక్ ఆడింది సదరన్ లీగ్ అనేదాంట్లో, 1940 నుంచి 1946 వరకు. సైన్యంలో ఉన్న ఆటగాళ్లు ఏ ఊళ్లో పోస్టింగ్ పడితే ఆ ఊరి క్లబ్బుకి గెస్ట్‌గా ఆడేవాళ్లు. అందుకే ఆ మ్యాచ్‌ల్ని అధికారిక లీగ్ రికార్డుల్లో కలపలేదు.

స్మిత్ సరిగ్గా ఆ గ్యాప్‌లోనే మొదలయ్యాడు. అప్పటికి డండీ నార్త్ ఎండ్ అనే జూనియర్ క్లబ్బుకి ఆడుతున్నాడు, స్కాట్లాండ్‌లో జూనియర్ అంటే పిల్లల ఫుట్‌బాల్ కాదు, సీనియర్ లీగ్ కింద ఉండే పెద్దవాళ్ల స్థాయే. చిన్నప్పటి నుంచి అతను హార్ట్స్ అభిమాని, హార్ట్స్‌లోనే చేరతాడని అందరూ అనుకున్నారు. హిబ్స్ మేనేజర్ విల్లీ మెక్‌కార్ట్‌నీ ముందే వెళ్లి సంతకం పెట్టించేశాడు, ఈ మెక్‌కార్ట్‌నీ అంతకుముందు హార్ట్స్ మేనేజరే కావడం ఇంకో విశేషం. 1941 ఏప్రిల్‌లో మొదటి మ్యాచ్, అది కూడా హార్ట్స్ మీదే, వాళ్ల గ్రౌండ్ టైన్‌కాజిల్‌లో. హిబ్స్ 5-3తో గెలిచింది, 16 ఏళ్ల స్మిత్ మూడు గోల్స్ కొట్టాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో హిబ్స్ రేంజర్స్‌ని 8-1తో ఓడించింది. ఇవేవీ అధికారిక లెక్కల్లోకి రావు!

యుద్ధకాలం టోర్నీలు ఎంత వింతగా ఉండేవో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1944 సదరన్ లీగ్ కప్ ఫైనల్లో హిబ్స్, రేంజర్స్ 0-0తో ఆగాయి. పెనాల్టీ షూటౌట్ అనేది అప్పటికి లేదు. ఎవరికి ఎక్కువ కార్నర్లు వచ్చాయో చూసి విజేతని తేల్చారు, హిబ్స్‌కి 6, రేంజర్స్‌కి 5. కప్పు హిబ్స్‌ది.

సో లెక్క ఇలా పడుతుంది. 364 అనేవాళ్లు యుద్ధకాలం మ్యాచ్‌లు, కప్ మ్యాచ్‌లు, ఫ్రెండ్లీలు అన్నీ కలిపి చెప్తున్నారు. తక్కువ నంబర్ చెప్పేవాళ్లు 1946 ఆగస్టులో లీగ్ మళ్లీ మొదలైన తర్వాత లీగ్ మ్యాచ్‌లు మాత్రమే చూస్తున్నారు. రెండూ అబద్ధం కాదు. ఏ నంబర్ న్యాయం అన్నదాని మీద వాదన ఉంది. యుద్ధంలో ప్రత్యర్థి టీమ్‌లు బలహీనంగా ఉండేవి కాబట్టి కలపకూడదని ఒక వాదం, అది కొట్టిపారేసేది కాదు. అవతలి వైపు, హిబ్స్ టీమ్ కూడా అవే ఇబ్బందులతో ఆడింది కదా, పైగా 16 నుంచి 22 దాకా ఉన్న ఏళ్లు మొత్తం తీసేస్తే ఆ ఆటగాడి చరిత్రలో మొదటి అధ్యాయం లేనట్టే కదా అని ఇంకో వాదం. ఫ్రెండ్లీల సంగతి కూడా అంతే, అప్పటి ఫ్రెండ్లీ అంటే ఇప్పటి ప్రీ-సీజన్ వార్మప్ లాంటిది కాదు. 1952 సెప్టెంబర్‌లో స్మిత్ గౌరవార్థం పెట్టిన టెస్టిమోనియల్ మ్యాచ్‌కి వచ్చింది ఇంగ్లాండ్ ఛాంపియన్ మాంచెస్టర్ యునైటెడ్, హిబ్స్ 7-3తో గెలిచింది. యునైటెడ్ మేనేజర్ మ్యాట్ బస్బీ యుద్ధకాలంలో హిబ్స్‌కి గెస్ట్‌గా ఆడినవాడే, కుర్రాడిగా ఉన్న స్మిత్‌కి పక్కనుండి ఆట నేర్పినవాళ్లలో ఒకడు.

నాకైతే రెండు నంబర్లూ పక్కపక్కన రాసి, ఏది దేనికో చెప్పడమే సరైన పద్ధతి అనిపిస్తుంది.

## ఫేమస్ ఫైవ్: ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు

హిబ్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫేమస్ ఫైవ్. కుడి నుంచి ఎడమకి గోర్డన్ స్మిత్, బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్, విల్లీ ఆర్మండ్. ఈ ఐదుగురూ ఒక్కొక్కరు హిబ్స్‌కి లీగ్‌లో వందకి పైగా గోల్స్ కొట్టారు. ఈస్టర్ రోడ్ స్టేడియంలో ఒక స్టాండ్‌కి ఇప్పటికీ వీళ్ల పేరే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. హిబ్స్ గెలిచిన మూడు టైటిళ్లనీ ఫేమస్ ఫైవ్ ఖాతాలో వేసేస్తారు. మొదటిది 1947-48, అప్పటికి జాన్‌స్టన్ ఫస్ట్ టీమ్‌లోకే రాలేదు. ఐదుగురూ కలిసి పోటీ మ్యాచ్ ఆడటం మొదలైంది 1949 అక్టోబర్‌లో. 1947-48 టైటిల్ నిజానికి మెక్‌కార్ట్‌నీ కట్టిన టీమ్‌ది, ఆయన ఆ సీజన్ మధ్యలో 1948 జనవరిలో చనిపోయాడు, హ్యూ షా బాధ్యత తీసుకుని పూర్తి చేశాడు. 1903 తర్వాత హిబ్స్‌కి అదే మొదటి లీగ్ టైటిల్. తాను నిర్మించిన టీమ్ ఛాంపియన్ అవ్వడం మెక్‌కార్ట్‌నీ చూడలేకపోయాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత రెండు మాత్రం ఫేమస్ ఫైవ్‌వే. 1950-51లో రేంజర్స్ కంటే 10 పాయింట్లు ముందు, గెలిస్తే రెండు పాయింట్లే ఇచ్చే రోజుల్లో 30 మ్యాచ్‌ల లీగ్‌లో 10 పాయింట్లంటే మాటలు కాదు. 1951-52లో 4 పాయింట్లు ముందు. అంతకుముందు 1949-50లో ఒక్క పాయింట్ తేడాతో రేంజర్స్‌కి టైటిల్ పోయింది. 1955 మార్చిలో జాన్‌స్టన్ మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోవడంతో ఐదుగురి కథ ముగిసింది, అంటే మొత్తం ఐదున్నరేళ్లు కూడా లేదు.

వీళ్ల ఆటలో కొత్తదనం ఏంటంటే ఎవరి గీతలో వాళ్లు నిలబడలేదు. స్మిత్ లోపలికొస్తే జాన్‌స్టన్ బయటికెళ్లేవాడు, రైలీ పక్కకి జరిగితే ఆ ఖాళీలోకి ఇంకొకడు దూరేవాడు. మనిషికి మనిషి చొప్పున కాపలా కాసే డిఫెన్స్‌కి ఇది పెద్ద తలనొప్పి, నీ మనిషి నీ ఏరియా వదిలి వెళ్లిపోతే వెంటపడాలా, ఉండిపోవాలా? వెంటపడితే ఖాళీ, ఉండిపోతే అతను ఫ్రీ.

## 1952-53: పోయిన టైటిల్, లెక్కలతో సహా

ఈ భాగం కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే స్మిత్‌కి ఐదు టైటిళ్లే ఉండి ఆరు లేకపోవడానికి కారణం ఇక్కడుంది.

సీజన్ ముగిసేసరికి పట్టిక ఇలా ఉంది. రేంజర్స్: 30 మ్యాచ్‌లు, 18 గెలుపులు, 7 డ్రాలు, 5 ఓటములు, కొట్టిన గోల్స్ 80, ఇచ్చినవి 39. హిబ్స్: 30 మ్యాచ్‌లు, 19 గెలుపులు, 5 డ్రాలు, 6 ఓటములు, కొట్టినవి 93, ఇచ్చినవి 51. గెలుపుకి రెండు, డ్రాకి ఒకటి చొప్పున వేస్తే రేంజర్స్‌కి 36+7, హిబ్స్‌కి 38+5, ఇద్దరికీ 43.

ఐపీఎల్‌లో రెండు టీమ్‌లకి పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు కదా, అలాగే అప్పట్లో గోల్ యావరేజ్ చూసేవాళ్లు. కొట్టిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో భాగించాలి, తీసివేత కాదు భాగహారం.

రేంజర్స్: 80 ÷ 39 = 2.05. హిబ్స్: 93 ÷ 51 = 1.82. టైటిల్ రేంజర్స్‌కి.

ఇప్పుడు అదే పట్టికని గోల్ డిఫరెన్స్ ప్రకారం చూడండి. రేంజర్స్ 80 - 39 = 41. హిబ్స్ 93 - 51 = 42. ఒక్క గోల్ తేడాతో హిబ్స్ ఛాంపియన్! ఇంకా, గెలుపుకి మూడు పాయింట్ల రూల్ పెట్టి చూస్తే హిబ్స్ 57+5 = 62, రేంజర్స్ 54+7 = 61, అసలు గోల్స్ దాకా వెళ్లే అవసరమే రాదు.

గోల్ యావరేజ్ ఎందుకిలా చేస్తుందంటే, భాగహారంలో కింద ఉండే సంఖ్యకి బలం ఎక్కువ. హిబ్స్ గోల్ యావరేజ్‌లో రేంజర్స్‌ని దాటాలంటే రెండు దారులు. కొట్టిన 93 అలాగే ఉంచి ఇచ్చినవి 45కి తగ్గించుకోవాలి, అంటే ఆరు గోల్స్ తక్కువ ఇవ్వాలి. లేదా ఇచ్చిన 51 అలాగే ఉంచి కొట్టినవి 105కి పెంచుకోవాలి, అంటే ఇంకో 12 గోల్స్ కొట్టాలి. ఆపిన ఒక గోల్ విలువ కొట్టిన రెండు గోల్స్‌తో సమానం అయిపోయింది. ఐదుగురు ఫార్వర్డ్‌లతో దూకుడుగా ఆడే హిబ్స్ లాంటి టీమ్‌కి ఈ రూల్ అస్సలు కలిసిరాదు, ఐరన్ కర్టెన్ అని పేరున్న డిఫెన్స్‌తో ఆడే రేంజర్స్‌కి బాగా కలిసొస్తుంది.

రేంజర్స్ చివరి మ్యాచ్ క్వీన్ ఆఫ్ ద సౌత్ మీద, ఓడిపోతే టైటిల్ హిబ్స్‌ది, 1-1 డ్రాతో బయటపడ్డారు. ఆ ఈక్వలైజర్ కొట్టింది విల్లీ వాడెల్, అతనూ రైట్ వింగరే, స్కాట్లాండ్ టీమ్‌లో స్మిత్‌కి పోటీ అతనే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రూల్ వేరేగా ఉంటే ఫలితం వేరేగా ఉండేది అని ఖాయంగా చెప్పలేం, ఎందుకంటే రూల్‌ని బట్టి టీమ్‌లు ఆడే తీరు మారుతుంది. మూడు పాయింట్లు వస్తాయంటే రేంజర్స్ డ్రాలకి ఒప్పుకునేది కాదేమో. రూల్ ఇద్దరికీ ముందే తెలుసు, అదీ నిజమే. అయినా 93 గోల్స్ కొట్టి ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన టీమ్ రెండో స్థానంలో ఉండటం నాకు మాత్రం మింగుడుపడదు. స్కాట్లాండ్ 1970ల మొదట్లో గోల్ డిఫరెన్స్‌కి మారింది, అంతకుముందు 1965లో హార్ట్స్ కూడా ఇదే గోల్ యావరేజ్‌తో కిల్మార్నాక్‌కి టైటిల్ పోగొట్టుకుంది.

## ఛాంపియన్ కాకుండానే యూరోపియన్ కప్

1955-56లో మొదటి యూరోపియన్ కప్ జరిగింది, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్‌కి అదే మూలం. అప్పుడు స్కాటిష్ ఛాంపియన్ అబర్డీన్. కానీ వెళ్లింది హిబ్స్, ఆ ముందు సీజన్‌లో వాళ్లు ఐదో స్థానంలో ఉన్నారు. ఇదెలా అని చాలామంది అడుగుతారు.

కారణం ఏంటంటే మొదటి ఏడాది అది అర్హత టోర్నీ కాదు, ఆహ్వాన టోర్నీ. ఫ్రెంచ్ స్పోర్ట్స్ పత్రిక లెకిప్ ఆలోచన అది, పేరున్న క్లబ్బుల్ని పిలిచారు. హిబ్స్‌కి యూరప్‌లో ఫ్రెండ్లీలు ఆడిన పేరుంది, 1953లో బ్రెజిల్ దాకా వెళ్లొచ్చారు, స్టేడియంలో ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి, చైర్మన్ హ్యారీ స్వాన్‌కి ఇలాంటి కొత్త విషయాలంటే ఆసక్తి. ఇంగ్లాండ్ ఛాంపియన్ చెల్సీని వాళ్ల లీగ్ అధికారులే వెళ్లొద్దని ఆపేశారు. అలా యూరోపియన్ కప్ ఆడిన మొదటి బ్రిటిష్ క్లబ్ హిబ్స్ అయింది.

రాట్-వైస్ ఎసెన్‌ని జర్మనీలో 4-0తో ఓడించారు, స్వీడన్ క్లబ్ యూర్గార్డెన్‌ని దాటారు, సెమీఫైనల్లో ఫ్రాన్స్ క్లబ్ రాంస్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 3-0తో ఓడిపోయారు.

## స్కాట్లాండ్‌కి 18 మ్యాచ్‌లేనా: రెండు వైపుల వాదన

నేషనల్ టీమ్‌కి ఆడిన మ్యాచ్‌ని క్యాప్ అంటారు. స్మిత్‌కి 18 క్యాప్‌లు, 4 గోల్స్.

మొదట అనిపించేది, అప్పట్లో అంతర్జాతీయ మ్యాచ్‌లే తక్కువ కదా అని. అది కొంత నిజం. ఏడాదికి ఖాయంగా ఉండేవి ఇంగ్లాండ్, వేల్స్, ఐర్లాండ్‌తో మూడు మ్యాచ్‌లే. 1950 ప్రపంచకప్‌కి వెళ్లే అవకాశం వచ్చినా, బ్రిటిష్ ఛాంపియన్‌గా అయితేనే వెళ్తాం అని స్కాటిష్ ఎఫ్ఏ (అక్కడి ఫుట్‌బాల్ సంఘం) భీష్మించుకుంది, ఇంగ్లాండ్ చేతిలో 1-0తో ఓడి రెండో స్థానంలో నిలిచి మానేసింది. యాదృచ్ఛికమే అయినా, అదే 1950 ప్రపంచకప్‌కి అవకాశం ఉండి వెళ్లని ఇంకో దేశం మన ఇండియా. 1954లో స్కాట్లాండ్ వెళ్లింది గానీ స్మిత్‌ని తీసుకెళ్లలేదు, ఆ టోర్నీలో ఉరుగ్వే చేతిలో 7-0తో ఓడి ఇంటికొచ్చింది.

అయితే మ్యాచ్‌లు తక్కువ అన్న ఒక్క కారణం సరిపోదు. దాదాపు అదే కాలంలో ఆడిన రేంజర్స్ డిఫెండర్ జార్జ్ యంగ్‌కి యాభైకి పైగా క్యాప్‌లున్నాయి. స్మిత్ పక్కనే ఆడిన లారీ రైలీకి 38. అంటే మ్యాచ్‌లు ఉన్నాయి, స్మిత్‌ని పిలవలేదు.

ఎందుకు పిలవలేదు అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. ఒకటి, సెలక్షన్ పద్ధతి. స్కాట్లాండ్‌కి 1954 దాకా మేనేజరే లేడు, క్లబ్బుల పెద్దలు కూర్చున్న సెలక్షన్ కమిటీ ఓట్లేసి టీమ్‌ని ఎంచేది. గ్లాస్గో క్లబ్బుల మాటకి అక్కడ బరువు ఎక్కువ అని ఎడిన్‌బరో వాళ్లు ఎప్పటి నుంచో అంటారు. మేనేజర్ ఉంటే ఒక ఆటగాడిని నమ్మి పది మ్యాచ్‌లు వరసగా ఆడిస్తాడు, కమిటీ అయితే ఒక మ్యాచ్ బాలేకపోతే తీసేస్తుంది.

రెండోది, స్మిత్ నేషనల్ టీమ్‌లో క్లబ్బులో ఆడినట్టు ఆడలేదన్నది. ఇది హిబ్స్ అభిమానులకి నచ్చదు గానీ ఆ కాలంలో బలంగా ఉన్న మాటే. వాడెల్ నేరుగా, వేగంగా, లైన్ పట్టుకుని ఆడే వింగర్, అతన్ని ఏ టీమ్‌లో పెట్టినా ఇమిడిపోతాడు. సెల్టిక్, తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడిన జిమ్మీ డెలానీ కూడా అలాంటివాడే. స్మిత్ ఆట పక్కవాళ్ల కదలికల మీద ఆధారపడింది, వారం వారం కలిసి ఆడిన జాన్‌స్టన్‌తో ఉండే సింక్ ఏడాదికి మూడుసార్లు కలిసే టీమ్‌తో రాదు. పైగా ఫేమస్ ఫైవ్‌ని మొత్తంగా స్కాట్లాండ్ ఒక్కసారి కూడా ఆడించలేదు.

ఈ రెండింట్లో ఏది ఎక్కువ నిజమో తేల్చడానికి దగ్గరగా ఉన్న ఆధారం 1955 మే నెల టూర్. స్కాట్లాండ్ వరసగా యుగోస్లావియా, ఆస్ట్రియా, హంగరీ మీద ఆడింది. స్మిత్ మూడింట్లోనూ ఉన్నాడు, మూడింట్లోనూ గోల్ కొట్టాడు, ఆ టూర్‌లోనే కెప్టెన్సీ కూడా చేశాడు. బెల్‌గ్రేడ్‌లో 2-2, వియన్నాలో ఆస్ట్రియా మీద 4-1 గెలుపు, బుడాపెస్ట్‌లో 3-1 ఓటమి. ఆ హంగరీ అంటే మామూలు టీమ్ కాదు, అంతకు ఏడాదిన్నర ముందు వెంబ్లీలో ఇంగ్లాండ్‌ని 6-3తో చిత్తుచేసిన టీమ్. టీమ్ అంతా వారాల తరబడి కలిసి ఉన్నప్పుడు, ఒకే పొజిషన్‌లో వరసగా ఆడనిచ్చినప్పుడు స్మిత్ ఏం చేయగలడో అక్కడ కనపడింది. మూడు మ్యాచ్‌లతో అంతా తేలిపోదు, కానీ నా మొగ్గు మాత్రం మొదటి వాదం వైపే.

## 35 ఏళ్లకి ఫ్రీ ట్రాన్స్‌ఫర్, తర్వాత రెండు టైటిళ్లు

1950ల చివర్లో చీలమండ నొప్పి పట్టుకుంది. ఏళ్ల తరబడి డిఫెండర్లు పెట్టిన దెబ్బలు అవి. 1959లో హిబ్స్ ఇక ఇతని పని అయిపోయిందనుకుని ఫ్రీ ట్రాన్స్‌ఫర్ ఇచ్చింది, అంటే డబ్బు ఏమీ తీసుకోకుండా వదిలేయడం. 18 ఏళ్లు ఆడిన క్లబ్ అలా వదిలేసింది. ఆపరేషన్ చేస్తే బాగవుతుందని స్మిత్ నమ్మాడు, సొంత డబ్బుతో చేయించుకున్నాడు.

తీసుకున్నది ఎవరో కాదు, చిన్నప్పుడు అభిమానించిన హార్ట్స్. మొదటి సీజన్‌లోనే, 1959-60లో, హార్ట్స్ లీగూ గెలిచింది, లీగ్ కప్పూ గెలిచింది. ఎడిన్‌బరోలో రెండు ప్రత్యర్థి క్లబ్బులకీ లీగ్ గెలిచిపెట్టిన మనిషి అయ్యాడు.

1961లో డండీకి వెళ్లాడు. మేనేజర్ బాబ్ షాంక్లీ, లివర్‌పూల్‌ని నిలబెట్టిన బిల్ షాంక్లీకి అన్న. టీమ్ నిండా కుర్రాళ్లు, అలన్ గిల్జీన్, ఇయాన్ యూర్, పక్కనే ఆడే ఆండీ పెన్‌మన్ అయితే స్మిత్ హిబ్స్‌లో చేరేనాటికి పుట్టనే లేదు. ఇక్కడ స్మిత్ పాత్ర మారింది. మునుపటి స్పీడ్ లేదు, దానికి బదులు బంతిని పట్టుకుని ఆపడం, సరైన సమయంలో సరైన పాస్ ఇవ్వడం, డిఫెండర్లని తనవైపు లాగి పెన్‌మన్‌కి, గిల్జీన్‌కి ఖాళీ చేసి పెట్టడం. 1961 నవంబర్‌లో రేంజర్స్‌ని వాళ్ల గ్రౌండ్ ఐబ్రాక్స్‌లోనే 5-1తో ఓడించారు, గిల్జీన్ నాలుగు కొట్టాడు. 1962 ఏప్రిల్‌లో పెర్త్‌లో సెయింట్ జాన్‌స్టన్‌ని 3-0తో గెలిచి ఛాంపియన్లయ్యారు. స్మిత్‌కి 38 నిండటానికి ఇంకో నెల కూడా లేదు, హిబ్స్ తరఫున హార్ట్స్ మీద హ్యాట్రిక్ కొట్టి 21 ఏళ్లయింది.

ఇక్కడ కూడా ఒక సందేహం వినపడుతుంటుంది, చివరి రెండు టైటిళ్లు వేరేవాళ్ల టీమ్‌లో ఉండి గెలిచినవే కదా, అతని గొప్పేంటి అని. హార్ట్స్ 1957-58లో స్మిత్ లేకుండానే 132 గోల్స్ కొట్టి టైటిల్ గెలిచిన టీమ్, కాబట్టి అక్కడ ఆ వాదనకి కొంత బలం ఉంది. డండీ విషయంలో మాత్రం ఒప్పుకోను. డండీ అంతకుముందు ఎప్పుడూ లీగ్ గెలవలేదు, ఆ తర్వాత కూడా గెలవలేదు. ఆ కుర్రాళ్లలో టైటిల్ రేస్ ఒత్తిడి చూసినవాళ్లు ఎంతమంది? స్మిత్ అప్పటికి నాలుగు గెలిచి ఉన్నాడు.

ఆ టైటిల్‌తో 1962-63 యూరోపియన్ కప్‌కి వెళ్లారు. జర్మన్ ఛాంపియన్ కొలోన్‌ని తమ గ్రౌండ్ డెన్స్ పార్క్‌లో 8-1తో ఓడించారు, ఆ ఎనిమిదిలో ఒకటి 38 ఏళ్ల స్మిత్‌ది. లిస్బన్ స్పోర్టింగ్‌ని, బెల్జియం క్లబ్ అండర్‌లెక్ట్‌ని దాటి సెమీస్‌కి వెళ్లి, మిలన్‌లో 5-1తో ఓడి, సొంత గ్రౌండ్‌లో 1-0తో గెలిచి బయటికొచ్చారు. మూడు వేర్వేరు స్కాటిష్ క్లబ్బులకి యూరోపియన్ కప్ ఆడింది స్మిత్ ఒక్కడే. ఇంకో సంగతి, అతని టీమ్‌లని బయటికి పంపినవాళ్లు ఎవరో చూడండి. 1956లో రాంస్, ఆ ఏడాది ఫైనలిస్ట్. 1960-61లో హార్ట్స్‌ని ఓడించింది బెన్ఫికా, ఆ ఏడాది కప్ వాళ్లదే. 1963లో మిలన్, కప్ వాళ్లదే.

1964లో మోర్టన్ క్లబ్బుకి, ఐర్లాండ్‌లో డ్రమ్‌కాండ్రా క్లబ్బుకి, ఇలా కొన్నాళ్లు ఆడి ఆపేశాడు. స్కాటిష్ కప్ మాత్రం ఎప్పుడూ గెలవలేదు, 1947 ఫైనల్లో హిబ్స్ అబర్డీన్ చేతిలో 2-1తో ఓడింది.

## ఇది మళ్లీ జరుగుతుందా

మూడు క్లబ్బులతో లీగ్ గెలవడం ఇంకో దేశంలో అంత అరుదు కాకపోవచ్చు. స్కాట్లాండ్‌లో ఎందుకు అరుదంటే అక్కడి టైటిల్ ఎక్కువగా రేంజర్స్, సెల్టిక్ మధ్యే తిరుగుతుంది. 1948 నుంచి 1962 వరకు ఉన్న 15 సీజన్లు చూస్తే అబర్డీన్, హిబ్స్, హార్ట్స్, డండీ నాలుగూ గెలిచాయి, స్మిత్ కెరీర్ సరిగ్గా ఆ కాలంలో పడింది. 1965 ఏప్రిల్‌లో కిల్మార్నాక్ గెలిచాక సెల్టిక్ వరసగా తొమ్మిది టైటిళ్లు కొట్టింది. 1980ల్లో అబర్డీన్, డండీ యునైటెడ్ (డండీ కాదు, అదే ఊరి ఇంకో క్లబ్) కొన్నాళ్లు తలుపు తెరిచాయి, 1985 అబర్డీన్ టైటిల్ తర్వాత దశాబ్దాల పాటు ఆ రెండు గ్లాస్గో క్లబ్బుల బయట ఇంకెవరికీ దక్కలేదు. అలాంటి లీగ్‌లో ఒక ఆటగాడు రెండు క్లబ్బులతో గెలవాలన్నా రేంజర్స్ నుంచి సెల్టిక్‌కో, సెల్టిక్ నుంచి రేంజర్స్‌కో మారాలి, అది అక్కడ ఎంత కష్టమో ఆ రెండు క్లబ్బుల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మూడో క్లబ్ కావాలంటే ముందు మూడో క్లబ్ ఛాంపియన్ కావాలి, ఆ టీమ్ చేతికి అనుభవం ఉన్న ఒక పాత వింగర్ ఫ్రీగా దొరకాలి, అతని చీలమండ ఇంకో మూడేళ్లు నిలబడాలి.